నార్బర్ట్ బావ బయటికి వెళ్ళే వేళ

మా అక్క లియోనా భర్త నార్బర్ట్ జాడిన్ నలభై ఒక్క ఏళ్ళు పాల ట్యాంకర్ నడిపాడు. గ్రీన్ బేకి తూర్పున, సరస్సు గాలి కొట్టే మా పల్లెల్లో ఆయన అడుగు పెట్టని పశువుల కొట్టం లేదు. ఆయన బండి చప్పుడుకు మొరిగే కుక్క కూడా లేదు.

పాలు తీసుకెళ్ళేవాడికి బండి నడపడం వస్తే సరిపోదు. రైతు ట్యాంకు మూత తెరిచి వాసన చూడాలి. రంగు చూడాలి. కొలకర్ర ముంచి లోతు చూడాలి. అంతా సరిగా ఉందనిపిస్తేనే చీటీ మీద సంతకం పెట్టి గొట్టం తగిలించాలి. వాసన తేడాగా ఉంటే ఆ పాలు అక్కడే వదిలేసి వెళ్ళిపోవాలి. ఎంత తెలిసినవాళ్ళైనా సరే.

అక్కను చేసుకున్న రెండో నెలలోనే ఆయన మా నాన్న పాలు వద్దన్నాడు. వసంతకాలం. ఆవులు కంచె పక్కన మొలిచిన అడవి ఉల్లి మేశాయి. నేను తలుపు దగ్గర బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాను, కాబట్టి ఆ మాటలన్నీ విన్నాను.

"మామయ్యా, ఉల్లి వాసన వస్తోంది."

"ఏదీ? కొంచెమేగా."

"అవును. కొంచెం వస్తోంది."

"నా ఇంటి అల్లుడివిరా నువ్వు!"

"అందుకే మామయ్యా, ఊరికే పోకుండా నిలబడి చెబుతున్నా. వేరేవాళ్ళైతే చీటీ రాసి పెట్టి వెళ్ళిపోయేవాణ్ణి."

నాన్న ఆ పాలన్నీ కాలవలో పోశాడు. వారం రోజులు అల్లుడితో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు డెల్మర్ రెనార్ వాళ్ళ బార్‌లో గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టి, అందరికీ వినపడేలా, "మా అల్లుడు నా పాలే వద్దన్నాడు. ఇంక మీ పాలు ఎంత?" అన్నాడట. ఆ మాట అంటున్నప్పుడు నాన్న మొహం చూడాల్సిందని డెల్మర్ తండ్రి చెప్పుకుని నవ్వేవాడు.

బావకు ముప్ఫై రెండేళ్ళప్పుడు, ఈస్టర్ ముందు మాంసం మానే ఉపవాస కాలంలో ఒక శుక్రవారం, అక్క వాళ్ళ వంటింట్లో చేపలు తింటున్నాం. నేనూ ఉన్నాను. బావ ఫోర్కు పక్కన పెట్టి, వాతావరణం సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"లియోనా, నాకు దేవుడు ఉన్నాడని అనిపించడం లేదు. ఇన్నేళ్ళుగా మూత తెరిచి చూస్తూనే ఉన్నా. ఏమీ తగలట్లేదు. ఉందని సంతకం పెట్టలేను."

నా చేతిలోని రొట్టె చేతిలోనే ఉండిపోయింది. మా అక్క మాత్రం ఆయన్ని చూసి, "ఆదివారం నన్ను చర్చికి ఎవరు తీసుకెళ్తారు మరి?" అంది.

"నేనే."

"అయితే తిను. చేప చల్లారిపోతోంది."

ఆ మీదట దాని గురించి ఆ ఇంట్లో పోట్లాట జరగలేదు. నేను జపమాల చెప్పుకోకుండా పడుకోని మనిషిని. ఆ రాత్రి నుంచి ఒక పూస ఆయన పేరు మీద పెట్టుకున్నాను. దాచుదామనుకున్నాను గానీ అక్క చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. పాల కోసం మా ఇంటికి వచ్చినప్పుడల్లా, "ఏం మరదలా, నా పూస అయిందా ఇవాళ?" అని అడిగేవాడు. ఒకసారి జ్వరంతో మర్చిపోయానని చెప్పాను. "అదే అనుకున్నా, పొద్దున టైరు పంక్చరైంది" అన్నాడు. నా మొహం చిన్నబోవడం చూసి, "నవ్వమ్మా, నవ్వు, అది మేకు గుచ్చుకుని" అన్నాడు. సాయంత్రం అక్క చేత చారు పంపాడు.

అన్న మాట ప్రకారం ఆదివారం ఆదివారం అక్కను చర్చికి తీసుకొచ్చేవాడు. లోపలికి రాడు. చలికాలంలో పూజ జరుగుతున్నంతసేపూ బయట కార్ల అద్దాల మీద గడ్డకట్టిన మంచు గీకుతూ ఉండేవాడు. తన కారుది మాత్రమే అనుకునేరు, వరసగా ఉన్న అన్ని కార్లవీ. మేం సత్ప్రసాదం తీసుకుని బయటికి వచ్చేసరికి అద్దాలన్నీ తుడిచి ఉండేవి, ముసలమ్మలు జారకుండా మెట్ల మీద ఉప్పు చల్లి ఉండేది. కొత్తగా వచ్చిన ఫాదర్ ప్రిబిల్ మొదటి చలికాలంలోనే అది గమనించి, "ఎవరయ్యా ఆ పుణ్యాత్ముడు?" అని అడిగారు.

"మా ఊరి నాస్తికుడు ఫాదర్" అన్నాడు డెల్మర్.

ఇక ఆయనకున్న పిచ్చి ఒకటే, మా గ్రీన్ బే ఫుట్‌బాల్ జట్టు ప్యాకర్స్. ఆ పిచ్చి మా ఊళ్ళో లేనిదెవరికి గనక? ఇక్కడ పిల్లల పేర్లు చర్చి పుస్తకంలో రాయించిన వారంలోనే స్టేడియం సీట్ల కోసం వరసలో కూడా రాయిస్తారు. ఆ వరస కదలడానికి ముప్ఫై నలభై ఏళ్ళు పడుతుంది. మధ్యాహ్నం పన్నెండుకు ఆట ఉన్న ఆదివారాల్లో ప్రసంగం ఏడు నిమిషాలు దాటదు. దాటితే డెల్మర్ దగ్గుతాడు.

నేనొకసారి బావను నిలదీశాను. "దేవుణ్ణి నమ్మవు గానీ, నీకు ముఖపరిచయం కూడా లేని కుర్రాళ్ళు ఓడిపోతే బుధవారం దాకా సరిగా తినవేంటి?"

"అది తప్పే" అన్నాడు. "నేనరిస్తే బంతికి వినపడదని తెలుసు. అయినా అరుస్తా. కానీ ఒకటి చెప్పు మరదలా. నువ్వు చివరికి గెలుస్తామని తెలిసి చర్చికి పోతావు. నేను ఓడిపోవచ్చని తెలిసే టీవీ ముందు కూర్చుంటా. ధైర్యం ఎవరిది?"

 దానికి జవాబు నాకు ఇంటికెళ్ళాక గానీ తట్టలేదు.

ఆ ఆటలో ఆయనకు అన్నిటికన్నా నచ్చేది గొలుసు. బంతి చాలినంత ముందుకు వెళ్ళిందో లేదో తేలనప్పుడు ఇద్దరు మనుషులు పది గజాల గొలుసు పట్టుకొచ్చి కొలుస్తారు. అప్పుడు బార్‌లో అందరూ అరుస్తుంటే ఆయన మాత్రం కుర్చీలో ముందుకు వంగి, నిశ్శబ్దంగా, నేను చర్చిలో దివ్యబలి పూజ వేళ చూసినంత భక్తిగా చూసేవాడు. ఈ మాట ఆయనతో అనలేదు.

అలాంటి మనిషి మీద మా ఊరివాళ్ళు ఒక మూఢనమ్మకం తెచ్చిపెట్టారు.

ఆట చివర్లో ఒక్కోసారి అంతా ఒక కిక్ మీదకు వస్తుంది. రెండు పసుపు స్తంభాల మధ్య నుంచి బంతి పోయేలా తన్నాలి. పోతే మూడు పాయింట్లు, గెలుపు. పక్కకు పోతే ఓటమి. ఒక జనవరిలో అలాంటి కిక్ వేళ బావ పొయ్యిలోకి కట్టెలు తేవడానికి బార్ వెనక మెట్టు మీదికి వెళ్ళాడు. బంతి స్తంభాల మధ్య నుంచి పోయింది. తరువాతి ఆటలో లోపలే కూర్చున్నాడు. పక్కకు పోయింది. మూడోసారి డెల్మర్ ఆయన చేతిలో కోటు పెట్టి, "కట్టెలు కావాలి" అన్నాడు.

"పొయ్యి నిండా ఉన్నాయిగా!"

"ఇంకొన్ని కావాలి. పో."

వెళ్ళాడు. బంతి పోయింది. ఇంకేముంది, ఆ రోజుతో ఆయన తలరాత ఖాయమైంది. ఇరవై రెండేళ్ళు, గెలుపోటములు తేల్చే ప్రతి కిక్‌కీ నార్బర్ట్ బావ వెనక మెట్టు మీదే ఉన్నాడు. తప్పిన కిక్కులు లేవని కాదు. అప్పుడు ఆయన తలుపు సరిగా మూయలేదనో, మెట్టు మీద ఒక కాలే పెట్టాడనో చెప్పుకునేవారు. ఫాదర్ ప్రిబిల్ మొదటిసారి ఆ తంతు చూసినప్పుడు తల పట్టుకున్నారు. రెండో ఏడు మా పాత పగవాళ్ళు షికాగోతో ఆటలో ఆయనే లేచి తలుపు తీసి పట్టుకున్నారు.

"ఫాదర్, పొద్దునే కదా మూఢనమ్మకాలు పాపమని చెప్పారు?" అన్నాడు బావ.

"అది పొద్దున. ఇప్పుడు నాలుగు సెకన్లే ఉన్నాయి. నడవవయ్యా."

ఎందుకు వెళ్తావని నేనడిగితే, "నేను లోపలుంటే వాళ్ళు కిక్ చూడరు, నన్ను చూస్తారు. ఎందుకొచ్చింది? చలి కాస్తేగా" అనేవాడు. ఆయన కోసం ఐరీన్, అంటే డెల్మర్ భార్య, తలుపు పక్కన మేకుకు ఒక ఉన్ని కోటు ఎప్పుడూ తగిలించి ఉంచేది. మెట్టు మీద కూర్చోవడానికి ఒక పీట వేయించింది. గోడ అవతలి నుంచి వచ్చే కేకను బట్టి ఫలితం తెలిసేది ఆయనకు. తరువాత లోపలికి వచ్చి టీవీలో మళ్ళీ వేసినప్పుడు చూసేవాడు. నేను నవ్వుతూ చెబుతున్నాను గానీ, నేనూ ఆ కిక్కుల వేళ ఒక కంటితో తలుపు మూసుందో లేదో చూసుకున్నదాన్నే. ఈస్టర్ ముందు ఫాదర్ దగ్గర పాపసంకీర్తనంలో అది కూడా ఒప్పుకున్నాను.

ఆ ఇరవై రెండో ఏడు సెప్టెంబరులో బావకు చూపు మధ్యలో మచ్చలా కనపడటం మొదలైంది. గ్రీన్ బే డాక్టరు చూసి, చుట్టూ చూపు మిగులుతుంది గానీ నడిమి చూపు నిలవదని, వచ్చే ఏటికి మనుషుల మొహాలు కూడా ఆనవని చెప్పాడు. తల కాస్త పక్కకు తిప్పి కంటి చివర నుంచి చూడటం నేర్చుకోమన్నాడు. బావ కారు తాళాలు తీసి అక్క చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి ఆదివారాలు అక్క నడిపింది, ఆయన పక్కన కూర్చుని వచ్చాడు. మంచు గీకే పని మాత్రం మానలేదు, చేత్తో తడుముకుంటూ గీకేవాడు.

నవంబరులో అక్క నాకు చెప్పింది. "ఎవరితో అనకే. మొన్న మీ బావ పడుకుంటూ అన్నాడు, ఒక్క గెలుపు కిక్, జరుగుతుండగా, కళ్ళారా చూస్తే బాగుండేది, అని."

"ఇంట్లో చూడొచ్చుగా అక్కా?"

"అదే అన్నా. ఒక్కడూ కూర్చుని చూస్తే దానికి రుచేముంటుందన్నాడు. బార్‌లో ఉండనివ్వమని అడగవయ్యా అంటే, 'ఇరవై రెండేళ్ళ నుంచి నమ్ముకున్నారు. నా ముచ్చట కోసం వాళ్ళ నమ్మకం చెడగొట్టనా?' అన్నాడు. నీకు ఆయన సంగతి తెలుసుగా, అడగడు."

చెప్పొద్దంది. నేను మర్నాడే డెల్మర్‌కు చెప్పాను. డెల్మర్ గ్లాసులు తుడవడం ఆపి, గోడకున్న కోటు వైపు చూసి, మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. నవంబరంతా ఒక్క కిక్ కూడా చివరి దాకా రాలేదు. గెలిస్తే బాగా గెలిచారు, ఓడితే బాగా ఓడారు. ఇటు బావ చూపు వారానికో రకంగా తగ్గుతోంది. వడ్డించిన పళ్ళెంలో ఏ ముక్క ఎక్కడుందో అక్క చెప్పాల్సి వస్తోంది. సీజనులో ఇక మూడు ఆటలే మిగిలాయి.

డిసెంబరు రెండో ఆదివారం షికాగోలో ఆట. బార్‌లో ఇరవై ఇద్దరం ఉన్నాం. ఐరీన్ పెద్ద డేగిసాలో బూయా కాచింది, కోడి, గొడ్డు మాంసం, కూరలు అన్నీ కరిగిపోయేదాకా. బావను టీవీకి దగ్గరగా కూర్చోబెట్టాం. ఆయన తల పక్కకు తిప్పి, కోడి గింజను చూసినట్టు చూస్తున్నాడు.

చివరికి మావాళ్ళు రెండు పాయింట్లు వెనక. నాలుగు సెకన్లు. నలభై ఏడు గజాల కిక్. మా కొత్త కుర్రాడు మైదానంలోకి నడిచొస్తున్నాడు.

బావ ఎవరూ చెప్పకుండానే లేచాడు. చెయ్యి చాచి మేకు మీది కోటు తడుముతున్నాడు. ఆ కోటు అక్కడ లేదు. డెల్మర్ వేసుకుని గుండీలు పెట్టుకుంటున్నాడు.

"కూర్చో నార్బ్."

"ఏంట్రా ఇది?"

"ఇవాళ నేను పోతున్నా. నువ్వు కూర్చుని చూడు."

బావ మొహం ఎర్రబడింది. అక్క వైపు తిరిగాడు. అక్క నా వైపు చూసింది. నేను బూయా గిన్నె వైపు చూశాను.

"పిచ్చి వేషాలు వేయకండి. షికాగోతో ఆట ఇది" అన్నాడు బావ. "తప్పితే నన్నంటారు."

"తప్పితే నన్నంటారు. కోటు నా ఒంటి మీదుంది" అని డెల్మర్ తలుపు తీశాడు. చల్లగాలి లోపలికి కొట్టింది.

అప్పుడు ఐరీన్ అంది, "ఆగండాగండి. ఈయనొక్కడు చాలుతాడా? నార్బర్ట్ ఏమో నాస్తికుడు, అందుకు పని చేసింది. మా ఆయన అంతో ఇంతో నమ్ముతాడు."

అందరూ ఫాదర్ ప్రిబిల్ వైపు చూశారు. ఆయన గడ్డం గోక్కుని చాలా సీరియస్‌గా ఆలోచించారు. "నమ్మనివాడు ఒక్కడికి బదులు నమ్మేవాళ్ళు ఎంతమంది కావాలో సెమినరీలో మాకు నేర్పలేదు" అన్నారు. "ఎందుకైనా మంచిది, అందరం పోదాం."

సరిగ్గా అప్పుడే షికాగోవాళ్ళు, మా కుర్రాడి గుండె అదిరించడానికి, టైమ్ అవుట్ అడిగారు. ఆ అర నిమిషం మాకు కలిసొచ్చింది. కుర్చీలు జరిగాయి. కోట్లు వెతుక్కునే తీరిక లేక ఉన్నవాళ్ళు ఉన్నట్టే వెనక తలుపు వైపు నడిచారు. బావ గది మధ్యలో నిలబడి, "ఒరే, రండ్రా వెనక్కి! ఫాదర్, మీకైనా బుద్ధుండాలి! ఎవరూ లేకపోతే నేనెవరితో చూడాలి?" అని అరుస్తున్నాడు.

"నాతో చూడు" అంది అక్క. "ఇన్నేళ్ళూ కిక్కులప్పుడు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నా. నేనూ ఒక్కటీ చూడలేదు. కూర్చో."

ఆఖరున బయటికి వచ్చిందాన్ని నేను. తలుపు మూసింది నేనే.

మా ఊరు గొప్ప ఊరేమీ కాదు. ఒక చర్చి, ఒక బార్, మూతబడిన జున్ను ఫ్యాక్టరీ. కానీ ఆ మధ్యాహ్నం ఆ ఇరుకు మెట్టు మీద, కట్టెల పక్కన, ముక్కులు ఎర్రగా, ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని నిలబడ్డ ఆ ఇరవై మందిలో నేనొకదాన్ని అని చెప్పుకోవడానికి ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది. షికాగో మీద గెలుపు కిక్ చూడటానికి ప్రాణం పెట్టే మనుషులు వాళ్ళు. డెల్మర్ ఆ కోటు తీసి ఫాదర్‌కు కప్పాడు. ఐరీన్ తన ఉన్ని మఫ్లర్ నా మెడకు చుట్టింది.

అప్పుడు తెలిసింది మాకు చేసిన పొరపాటు. బావకు గోడ అవతలి కేక వినపడేది. మాకు వినపడటానికి కేక వేసేవాళ్ళు లోపల ఎవరూ లేరు. సరస్సు గాలి రేకుల మీద హోరుమంటోంది. ఎంత చెవి పెట్టినా టీవీ శబ్దం రావట్లేదు.

"అయిపోయి ఉంటుందా?" అన్నాడెవరో.

"అయిపోయే ఉంటుంది."

"మరి రాడేంటి?"

"తప్పిందేమోరా. మొహం చూపించలేక కూర్చున్నాడేమో."

నేను తలుపు పిడి మీద చెయ్యి వేశాను. ఫాదర్ నా చెయ్యి పట్టుకుని తల అడ్డంగా ఊపారు. నేను జేబులో జపమాల తీసి ఆ రోజు పూస అక్కడే చెప్పాను. బంతి కోసం చెప్పలేదు. బంతి అప్పటికే ఎటో పోయి ఉంటుంది. ఆయన కళ్ళు ఆ నాలుగు సెకన్లు నిలవాలని చెప్పాను.

తలుపు తెరుచుకుంది. బావ గడపలో నిలబడ్డాడు. వెనక అక్క, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని. బావ మమ్మల్నందరినీ కంటి చివర నుంచి, తల తిప్పి తిప్పి చూశాడు.  

"పోయింది" అన్నాడు. "స్తంభాల మధ్య నుంచే. ఎడమ స్తంభానికి మూరెడు లోపల."

ఆ అరుపుకు కట్టెల మీది మంచు రాలిందంటే నమ్మండి. డెల్మర్ ఫాదర్‌ను ఎత్తేశాడు. ఐరీన్ నన్ను వాటేసుకుని ఏడ్చింది. ఎవరి వల్ల పోయిందని అప్పుడే వాదన మొదలైంది. తను మెట్టు అంచున నిలబడటం వల్లనే అని ఒకరు, కోటు వల్లనే అని ఒకరు.

బావ చెయ్యెత్తాడు. "మీ వల్ల ఎవరి వల్లా కాదు. వాడు సరిగ్గా తన్నాడు." అని, మా వైపు తల తిప్పాడు. "అయితే మీరెవ్వరూ చూడలేదన్నమాట."

డెల్మర్ కాలితో మెట్టు మీది మంచు పక్కకు నెట్టాడు.

"షికాగో మీద. ఆఖరి కిక్. ఒక్కరూ చూడలేదు."

"చెప్పు మరి" అన్నారు ఫాదర్ ప్రిబిల్, కోటు గట్టిగా చుట్టుకుంటూ. "నువ్వు చూశావుగా."

"లోపలికి రండి, టీవీలో మళ్ళీ వేస్తున్నారు. గడ్డకట్టిపోతారు."

"టీవీ సంగతి తరువాత" అన్నాడు డెల్మర్. "నువ్వు చెప్పు."

బావ పీట మీద కూర్చున్నాడు. కుర్రాడు రెండడుగులు వెనక్కి వేసి, కుడి బూటుతో గడ్డిని రెండుసార్లు గీకాడట. అక్కడి నుంచి మొదలుపెట్టాడు. బంతి లేచినప్పుడు ముందు కుడికి పోయేలా ఉందని, తన కంటి మచ్చలో పడి ఒక్క క్షణం మాయమైందని, అప్పుడు తల ఇంకాస్త తిప్పానని, మచ్చకు ఇవతల బంతి మళ్ళీ దొరికిందని, గాలి దాన్ని ఎడమకు నెడుతుంటే లియోనా తన చెయ్యి విరిగేంత గట్టిగా పట్టుకుందని, ఒక్కటీ వదలకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తనకు సరిగా కనపడనిచోట, "ఇది నేను చూడలేదు, లియోనా చూసింది" అని ఆపి, అక్క చేత చెప్పించాడు.

లోపల టీవీలో అదే కిక్ మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. తెరిచిన తలుపులో నుంచి ఆ వెలుతురు మెట్టు మీద పడుతోంది. ఆయన చెప్పడం అయ్యేదాకా ఒక్కరు కూడా లోపలికి కదలలేదు.